వృద్ధశకట సమాజము

వస్తువు పాతబడినకొలది దాని విలువ తగ్గుట లోకసామాన్యమైన ధర్మము. మోటారుకారు విషయమున ఈ ధర్మము ముప్పది నలువది సంవత్సరముల వరకే చెల్లును. ఆ గండము గడచి, తుప్పునకును పాత ఇనుము వర్తకునకును చిక్కక మిగిలిన కారునకు విలువ మరల పెరుగ నారంభించును. అయితే ఆ విలువ వెంబడి ఒక చిక్కును వచ్చును. కారును తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడి యుండును. దాని లోగుట్టు తెలిసిన మెకానిక్కు కాలధర్మము నొంది యుండును. విరిగిన పళ్ళచక్రమునకు బదులు చక్రము ఏ బజారునను దొరకకుండును. ఇట్టి కారును ఎంతటి ధనవంతుడైనను ఒంటరిగా పోషింపజాలడు. పాతకార్ల యజమానులు సంఘములుగా కూడుటకు మూలకారణ మిదియే గాని, పలువురు తలచునట్లు ఐశ్వర్యప్రదర్శనాభిలాష కాదు. ప్రదర్శనమును ఉండును గాని, అది పైమెరుగు వంటిది.

ఈ సంగతిని తేటపరుపగల సంఘము ఇంగ్లండులోని వెటరన్ కార్ క్లబ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్. దాని పుట్టుక తెలియవలెనన్నచో ఒక విచిత్రమైన చట్టమును గూర్చి ముందుగా చెప్పవలసి యున్నది. 1865వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి, గుఱ్ఱము లేక స్వయంశక్తితో నడచు ఏ బండియు పల్లెబాటలపై గంటకు 4 మైళ్ళకును, ఊళ్ళలో 2 మైళ్ళకును మించి పోరాదు. బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా చేతబట్టి నడువవలెను. బరువైన ఆవిరియంత్రములను మనస్సున నుంచుకొని చేసిన ఈ నిబంధన, తేలికయైన పెట్రోలు కార్లు వచ్చిన పిమ్మటను తొలగలేదు. 1878లో జెండా నియమము సడలినది గాని, ముందు నడచు మనిషి మాత్రము మిగిలెను. తుదకు 1896 నవంబరు 14వ తేదీన క్రొత్త చట్టము అమలులోనికి వచ్చి, తేలికబండ్లకు ఆ మనిషి బెడద తీరెను. వేగపరిమితి గంటకు 14 మైళ్ళని చట్టము చెప్పగా, స్థానికపాలన వ్యవహారములు చూచు బోర్డువారు దానిని 12కు దించిరి.

ఆనాడే మోటారు వ్యాపారియగు హ్యారీ లాసన్ అను నతడు లండను నుండి సముద్రతీరమందలి బ్రైటన్ వరకు కార్ల ఊరేగింపు నొకదానిని నడిపించెను. బయలుదేరుటకు ముందు జరిగిన ఫలాహారపు విందులో లార్డ్ వించెల్సీ లేచి, అందరియెదుట ఎఱ్ఱజెండాను చించివేసెను. ఆ జెండా నియమము సడలి అప్పటికి పదునెనిమిది సంవత్సరములైనది; లేని శత్రువును సంహరించుటలో ప్రభువులకు గల ఉత్సాహము అన్ని దేశములయందును ఒక్కటియే కాబోలు! ముప్పదికి పైబడి బయలుదేరిన బండ్లలో బ్రైటన్ చేరినవి ఇంచుమించు సగము మాత్రమే. వానిలో నొకటి రైలుమీద వచ్చి, దిగినపిదప ఒడలెల్ల బురద పూయించుకొని, రోడ్డున నడచివచ్చిన దానివలె ఊరు ప్రవేశించినదని నేటికిని చెప్పుకొని నవ్వుదురు.

1927లో ఆ యాత్రను స్మరించుచు పాతకార్లతో మరల ఒక యాత్ర జరిగెను. 1930 నుండి దాని నిర్వహణమును రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు చేపట్టిరి. ఆ కాలమున పాతకారనిన జనులకు వినోదమే గాని గౌరవము లేదు. దగ్గుచు, మూల్గుచు, పొగచిమ్ముచు పోవు డొక్కుబండ్లను చూచి నవ్వుటకే జనము రోడ్లవెంట గుమిగూడెడివారు. ఆ 1930లోనే, బ్రైటన్‌లోని ఓల్డ్ షిప్ హోటలునందు ముగ్గురు మిత్రులు కూడి ఈ సంఘమునకు అంకురార్పణ చేసిరి. వారిలో నొకడగు ఎస్. సి. హెచ్. డేవిస్, 1927లో లె మాన్ నగరమందలి ఇరువదినాలుగు గంటల పందెమున బెంట్లీ కారు నడిపి గెలిచినవాడు. నాటి వేగవంతములైన కార్లను నడిపి కీర్తిగన్న మనుష్యుడే నత్తనడక కార్లను కాపాడుటకు నడుము కట్టుట నాకెంతయు సహజముగ తోచును; యంత్రమును లోనెరిగిన వానికి దాని పూర్వికులపై భక్తి కలుగకుండునా?

ఈ సంఘము 1919 జనవరి 1కి పూర్వము నిర్మింపబడిన కార్లను మాత్రమే తన పరిధిలోనికి తీసికొనును. వానిలో 1904 చివరివరకు పుట్టినవి వెటరన్‌లు. ఆ తరువాత 1918 వరకు పుట్టినవి ఎడ్వర్డియన్‌లు. బ్రైటన్ యాత్రకు అర్హత 1905 జనవరి 1కి ముందు పుట్టిన వానికే. ఇందువలన కారు పుట్టినయేడు నిర్ణయించుట సంఘము పనులలో మిక్కిలి గంభీరమైనదైనది. తన కారు 1904 నాటిదని నమ్మిన యజమాని దరఖాస్తు పెట్టుకొనగా, నిపుణుల మండలి ఇంజను సంఖ్యను, చట్రము సంఖ్యను, ఫ్యాక్టరీ కాగితములను, నాటి క్యాటలాగులను, రేడియేటరు ఆకారమును, గేరుపెట్టె అమరికను పరిశీలించి ధ్రువపత్ర మిచ్చును. పెండ్లి సంబంధమునకు ముందు మన పెద్దలు జాతకములు చూచునంత శ్రద్ధతో ఈ విచారణ సాగును. ఒక్క సంవత్సరము భేదము వచ్చినను యాత్రార్హత పోవును. దానితోపాటు కారు ధరయు పడిపోవును. కాబట్టి ఈ మండలి తీర్పు యజమానుల స్వప్నములను భంగపరచుటయు కలదు. అయినను సభ్యులు దానికి తలయొగ్గుదురు. ఈ సంఘముల గౌరవమంతయు ఇట్టి నిర్మొగమాటముమీదనే నిలిచియున్నదని నా అభిప్రాయము.

ఇక ఈ కార్లను నడుపు విద్యను గూర్చి కొంత చెప్పుదును. ఏలయన సంఘజీవనమున సారవంతమైన భాగ మదియే. విద్యుత్తుతో ఇంజనును కదిలించు స్టార్టరు 1912లో కాడిలాక్ కారున వచ్చినది. అంతకు ముందటి కార్లకు హ్యాండిల్ కొట్టవలసినదే. హ్యాండిల్ కొట్టుటకు బలము చాలదు, నేర్పు కావలెను. ముందుగా ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టు వేళను మీటతో వెనుకకు నెట్టవలెను. మరచినచో ఇంజను ఎదురుతన్ని హ్యాండిల్ వెనుకకు తిరిగి మణికట్టు విరుగును. పిడికిలి బిగించునపుడు బొటనవ్రేలిని కడమ వ్రేళ్ళవైపుననే ఉంచవలెను గాని హ్యాండిలును చుట్టరాదు. గేర్లు నేటివలె మెత్తగా కలియవు. క్లచ్చి రెండుసార్లు తొక్కి, నడుమ ఇంజను వేగమును చెవితో తూచి మార్చవలెను. కొన్ని కార్లకు స్టీరింగు చక్రమునకు బదులు పడవచుక్కానివంటి కఱ్ఱ ఉండును. పెడళ్ళ వరుస కారుకారునకు మారును. బ్రేకని తలచి తొక్కినది వేగము పెంచుటయు కద్దు. ఇంజనులోనికి బొట్లుబొట్లుగా జారు నూనెను గాజుగొట్టములోనుండి కనిపెట్టుచుండవలెను. రాత్రి దీపమునకు కార్బైడు గడ్డలపై నీరు పడనిచ్చి ఎసిటిలీను వాయువును పుట్టింపవలెను. వేసవిలో కొయ్యచక్రముల ఆకులు ఎండి కిఱ్ఱుమనును. వానికి తడి చూపవలెను.

ఈ విషయములు పుస్తకములలో లేకపోలేదు; సంఘమునకు హర్ట్‌ఫర్డ్‌షైరు మండలమందలి ఆష్‌వెల్ గ్రామమున స్వంత కార్యాలయమును గ్రంథాలయమును కలవు. కాని పుస్తకము చదివి హ్యాండిల్ కొట్టినవాడు పుస్తకము చదివి ఈతకు దిగినవానికంటె మేలు కాదు. పెద్దవాడు ప్రక్కన నిలిచి, వీడి చేతిపై తన చేయి వేసి చూపవలెను. అందుచేతనే ఆదివారపు కూటములలో ఉపన్యాసములకంటె ఎత్తిన బానెట్ల చుట్టు జరుగు చర్చలకే ఎక్కువ మంది చేరుదురు. ఎవని కార్బురేటరునకో కావలసిన సూది మఱియొకని డబ్బాలో దొరకును. దొరకని పళ్ళచక్రమునకు పాతదానిని నమూనాగా ఇచ్చి పోతపోయించి, లేత్ మిషనుపై తిప్పించి, పండ్లు కోయింతురు. ఒక్కటి చేయించుటకును పది చేయించుటకును నమూనా ఖర్చు ఒక్కటియే గనుక, అదే రకము కార్లు గల సభ్యులందరు కలిసి భరింతురు. నవయువకునకు కారు కొను తాహతు లేకపోవచ్చును. వృద్ధునకు హ్యాండిల్ కొట్టు సత్తువ లేకపోవచ్చును. వీరిద్దరును ఒక కారుదగ్గర కలసికొన్నచో ఇరువురి కొరతయు తీరును. సభ్యుల సగటు వయస్సు పెరిగిపోవుచున్నదను దిగులు ఇట్టి సంఘములలో ఎల్లెడల వినబడుచుండును. కారును యువకుల చేతికిచ్చుటకు మించిన మందు దానికి లేదు.

నవంబరు మొదటి ఆదివారమునాడు సూర్యోదయవేళ లండనులోని హైడ్ పార్కునుండి బయలుదేరు యాత్ర వీరికి సంవత్సరములో పెద్దపండుగ. బయలుదేరుటకు ముందు నేటికిని ఒక ఎఱ్ఱజెండాను చించుదురు. బ్రైటన్ సముద్రపు టొడ్డుననున్న మెడీరా డ్రైవు వరకు దూరము 60 మైళ్ళు. ఇది పందెము కాదు. సగటున గంటకు 20 మైళ్ళు మించరాదని నియమము. సాయంకాలము నాలుగున్నరలోపుగా చేరిన ప్రతి కారునకును పతకము ముట్టును. పెట్రోలు కార్లతోపాటు ఆవిరికార్లును, విద్యుత్కార్లును వచ్చును. నేడు మనము క్రొత్తవింతగా చెప్పుకొను విద్యుత్కారు అక్కడ ముత్తాతల వరుసలో కూర్చుండును. దారిలో ఎత్తువచ్చినచో ప్రయాణికులు దిగి నెట్టుదురు. ఒకడు రోడ్డు ప్రక్కన ఆగినచో వెనుకవచ్చువాడు తన పతకమును సైతము మరచి పానాపెట్టె తీయును. 1953లో వచ్చిన ‘జెనవీవ్’ అను హాస్యచిత్రము ఈ యాత్రలో ఇరువురు మిత్రుల పంతమును కథగా గొని, పాతకార్లపై జనసామాన్యమునకు మమకారము కలిగించెను. అందలి నాయికాస్థానము నలంకరించిన 1904 నాటి డర్రాక్ కారు నేడు హాలండులోని హేగ్ నగరమున ఒక ప్రదర్శనశాలలో కలదు.

మన దేశమున ఇట్టి వేడుకలలో పేరెన్నికగన్నది స్టేట్స్‌మన్ పత్రికవారి ర్యాలీ. అది 1964లో ఢిల్లీయందును, 1968లో కలకత్తాయందును ఆరంభమైనది. ఢిల్లీ ర్యాలీలో తెలుగువారు ప్రత్యేకముగా చూడదగిన శకట మొకటి కలదు: ఇంగ్లండునందలి జాన్ మారిస్ కంపెనీవారు 1914లో నిర్మింపగా, నిజాము రైల్వేవారి కొలువున నిప్పులార్పిన ఫైరింజను. జాతీయ రైలు ప్రదర్శనశాలవారు దానిని నడచు స్థితిలో కాపాడి, ర్యాలీకి తోలుకొని వచ్చుట ఆనవాయితీ. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసునందున్న 1912 నాటి రోల్స్ రాయిస్ దీనికంటె వేయిరెట్లు అందమైనది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ సింహాసనమువంటి ఆసనముతో దానిని చేయించుకొనెను గాని, అది చేరకమునుపే 1911లో ఆయన స్వర్గస్థుడయ్యెను. ఆ కారు నడచిన దూరము బహుస్వల్పము. చూచుటకు నేను రోల్స్ రాయిస్‌ను కోరుదును. సంతోషమునకు మాత్రము గంట మ్రోగించుకొనుచు రోడ్డెక్కు ఆ ఫైరింజనునే కోరుదును.

పాతకారును ఎంతవరకు బాగుచేయవచ్చునన్న తగవు ఈ సంఘములలో ఎన్నటికిని తీరదు. అద్దమువలె మెరయునట్లు క్రొత్తరంగు వేయించి, క్రోమియము పూతలు పెట్టించి, ఫ్యాక్టరీలోను లేని సొగసు తెచ్చువారు కొందరు. చొట్టలను, వెలసిన తోలుసీటును కారు చరిత్రగా భావించి ముట్టనీయనివారు కొందరు. ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య, అనగా ఫీవా, ముప్పది సంవత్సరములు నిండి, చారిత్రకముగ సరియైన స్థితిలో కాపాడబడుచు, నిత్యప్రయాణమునకు వాడబడని వాహనమునే చారిత్రకవాహనముగ అంగీకరించుచున్నది. నేను రెండవ పక్షమువాడను. పోయిన రంగును మరల వేయవచ్చును గాని, గీకివేసిన తొలిరంగును తిరిగి తేలేము.

మహారాజుల కార్లు లేనివారికి ఈ సంఘములలో చోటులేదనుకొనుట పొరపాటు. మన మధ్యతరగతి కార్లే ఇప్పుడు వృద్ధాప్యమును ప్రవేశించినవి. కలెక్టరు కచేరీ ముందు నిలిచిన అంబాసిడర్, డాక్టరుగారి ఫియట్, మదరాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ — ఇవి ఏదో యొక రీతిని మన ఇండ్ల పెండ్లిఫోటోలలో కనిపించునవే. ఫియట్ పద్మిని ఈ శతాబ్దారంభముననే ఆగిపోయినది. అంబాసిడర్ నిర్మాణము 2014లో నిలిచినది. వీనికి విడిభాగము లింకను దొరకును, తెలిసిన మెకానిక్కు లింకను బ్రతికియున్నారు. కొని నేర్చుకొనదలచినవారికి ఇంతకంటె అనువైన అదను రాదు.

చట్టమును కొంత అనుకూలించినది. కేంద్రప్రభుత్వము 2021 జూలైలో ప్రకటించిన నియమములను బట్టి, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు మించి, చట్రము, బాడీ, ఇంజను మార్పులేక మూలరూపమున నున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములు వింటేజ్ వాహనములుగా నమోదగును. నంబరు పలకపై రాష్ట్రసంకేతము తరువాత ‘వీఏ’ అను అక్షరములుండును. క్రొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు, గడువు 10 సంవత్సరములు. ఇట్టి వాహనమును ర్యాలీకి, ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పట్టించుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవచ్చును. నిత్యవ్యవహారమునకు గాని బాడుగకు గాని త్రిప్పరాదు.

కావున మీ ఇంటి షెడ్డులో తాతగారి కారు దుమ్ము కప్పుకొని యున్నచో, పాత ఇనుము వర్తకుని పిలుచుటకు ముందు దాని ఆర్.సి. పుస్తకమును, కొన్న రసీదును, తీసివేసిన పాతభాగములను ఒకచోట భద్రపరచుడు, ఇంజను సంఖ్యయు చట్రము సంఖ్యయు కాగితముతో సరిపోవుచున్నవో లేదో చూచుకొనుడు, రంగు వేయింపవలదు. ఆపైని మీ నగరమున పాతకార్ల సంఘమున్నదేమో విచారించి, అందలివారి నొకపరి పిలిచి చూపుడు.