వెబ్‌సైటు పేరులో పంటపేరుండిన లాభమా?

మన సహకార సంఘములు కొన్ని తమ పంటను దూరపు కొనుగోలుదారులకు నేరుగా నమ్ముకొనుటకై వెబ్‌సైటులు పెట్టుకొనుచున్నవి. ఇట్టి సమయమున కొందరు వచ్చి, "సైటు పేరులోనే బంగినపల్లి మామిడి యను మాటలుండినచో గూగుల్‌లో మీరే మొదట కనబడుదురు, ఆ పేరు మాయొద్ద కలదు" అని హెచ్చు వెల యడుగుదురు. సంఘపు సొమ్ము సభ్యులందరిది గావున, ఇందలి నిజమును తెలిసికొనుట యవసరము.

గూగుల్ యంత్రములు వెబ్‌సైటులలోని పుటలను ముందుగానే చదివి పట్టికలు కట్టియుంచును. ఎవరైన మామిడిపండ్లకై వెదకినప్పుడు, తగిన పుటలను ఆ పట్టికలనుండి తీసి వరుసగా చూపును. పూర్వ మీ వరుసను నిర్ణయించుటలో డొమైను పేరులోని మాటలకు కొంత బలముండెను. అది కనిపెట్టి పలువురు, జనులు వెదకెడి మాటలనే పేర్లుగా కొని, లోపల సరకులేని సైటులను నిలిపిరి. అందుచేత 2012 సెప్టెంబరులో గూగుల్ తన లెక్కను మార్చి, పేరు మాత్రము సరిపోయి విషయము నాసిగా నున్న సైటులను క్రిందికి దింపినది. పేరులోని మాటలవలన వరుసలో కలుగు లాభము మిక్కిలి స్వల్పమని నేడు ఆ కంపెనీ మార్గదర్శకములే చెప్పుచున్నవి. సంచిపై "మేలురకము" అని అచ్చువేసినంతమాత్రమున లోని విత్తనము మొలకెత్తదు గదా!

అట్లని పేరు ముఖ్యము కాదనరాదు. అది విన్నవారికి గుర్తుండవలెను. ఫోనులో చెప్పినను తప్పులేక వ్రాసికొనునట్లుండవలెను. మామిడి యను మాటనే ఇంగ్లీషు అక్షరములలో నొకరు ఒక "ఎ"తోను, మరియొకరు రెండు "ఎ"లతోను వ్రాయుదురు. కావున పొట్టిదియు, సంఘమునకు స్వంతమైనదియు నగు పేరు మేలు. పంటపేరు పెట్టుకొనుట దోషము కాదు. కాని రేపు పసుపు కూడ నమ్మదలచిన, ఆ పేరు ఇరుకగును. మరియు బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. సైటు పేరు కొన్నంతమాత్రమున ప్రతి పండును బంగినపల్లి కానేరదు.

డొమైను పేరు శాశ్వతమైన క్రయము కాదు, కౌలు వంటిది. గడువులోపల రుసుము చెల్లింపకున్న పరులపాలు కావచ్చును. గనుక దానిని సైటు కట్టినవాని పేర గాక సంఘము పేరనే నమోదు చేయించి, గడువుతేదీని మినిట్సు పుస్తకములో వ్రాసియుంచవలెను.

పేరుపై మిగిలిన సొమ్మును పుటలు నింపుటకు వినియోగింపుడు. పండు రకము, కోత నెలలు, పెట్టె బరువు, నేటి ధర, మాగవేసిన విధము, ఫోను నంబరు: ఇవి యుండవలెను. కొనువాడు వెదకునది మన పేరును గాదు, తన ప్రశ్నకు జవాబును. ఆ జవాబు సత్యముగ నున్న సైటునకే అతడు మరల వచ్చును.