పెరటి కోళ్లు, ఇరుగుపొరుగు: నారాయణఖేడ్ అంచు కాలనీల్లో ఒక గృహవృత్తి

సంగారెడ్డి జిల్లా ఉత్తరపు కొసన, ఒక వైపు బీదర్‌కు, మరొక వైపు నాందేడ్‌కు దారులు సాగే చోట ఉన్న నారాయణఖేడ్ పట్టణం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, లంబాడీ తండాల నుంచి వచ్చి స్థిరపడే కుటుంబాలతో నానాటికీ విస్తరిస్తున్నది. ఒకప్పుడు జొన్న, కంది పండిన నల్లరేగడి చేలను ప్లాట్లుగా విడగొట్టి వేసిన అంచు కాలనీల్లో ఇంటి ముందు సిమెంటు గచ్చు, మోటారు బండి పట్టణపు రీతిని చూపుతున్నా, ఇంటి వెనుక మిగిలిన నాలుగు గజాల మన్నులో మాత్రం అయిదారు పెట్టలూ ఒక పుంజూ తిరుగుతూ కనిపించడం సాధారణం. ఈ పెంపకాన్ని పశుసంవర్ధక శాస్త్రం పెరటి కోళ్ల పెంపకం అంటుంది. అంటే పక్షులను పంజరాల్లో బంధించి కొన్న దాణా మీదనే పోషించక, పగలు స్వేచ్ఛగా మేయనిచ్చి, రాత్రి మాత్రమే గూట్లో మూసి, ఇంట్లో మిగిలిన తిండితో కొంత ఆసరా ఇచ్చే పద్ధతి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 85 కోట్ల కోళ్లలో దాదాపు 31 కోట్ల 70 లక్షలు ఈ తరహావే కాగా, అంతకు ముందరి 2012 గణనతో పోలిస్తే వాటి సంఖ్య 46 శాతం వరకు పెరిగింది. ఫారాలు ఇంతగా వ్యాపించిన కాలంలోనూ పెరటి కోడి కనుమరుగు కాకపోగా పెరుగుతున్నదన్న సంగతి గమనించదగినది.

కోడి ఈ నేలకు పరాయిది కాదు. పెంపుడు కోడికి మూలం ఆగ్నేయాసియా ప్రాంతపు ఎర్ర అడవికోడి అని జన్యు పరిశోధనలు స్థిరపరచగా, చాలా కోళ్ల కాళ్లకూ చర్మానికీ కనిపించే పసుపు రంగును కలిగించే జన్యువు మాత్రం దక్షిణ భారతదేశపు అడవుల్లో ఉండే బూడిదరంగు అడవికోడి నుంచి సంక్రమించిందని 2008లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ విధంగా, ఏ ఖండంలోని కోళ్ల ఫారానికి పోయినా, అక్కడి పసుపు కాళ్ల కోడిలో దక్షిణాది అడవి వారసత్వం కొంత ఉన్నట్టే.

ఇంటి దినచర్యలో కోళ్ల పని తెల్లవారకముందే మొదలవుతుంది. పుంజు కూత వెలుగును చూసి మాత్రమే వెలువడేది కాదనీ, దాని శరీరంలోనే ఒక అంతర్గత గడియారం ఉన్నదనీ జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో నిరూపించారు; మందలో పెద్దరికం గల పుంజు ముందు కూస్తే తక్కినవి దాని తరువాత అందుకుంటాయని కూడా ఆ పరిశోధనల కొనసాగింపులో తేలింది. గూడు తలుపు తీయగానే బయటపడే మందలో ఏది ముందు తినాలి, ఏది తప్పుకోవాలి అన్న క్రమం ఒకటి ఉంటుంది. ముక్కుతో పొడిచి నిలబెట్టుకునే ఈ అంతస్తుల వ్యవస్థను నార్వే శాస్త్రజ్ఞుడు థోర్లీఫ్ ష్యెల్డెరప్-ఎబ్బె వంద సంవత్సరాల క్రితమే వర్ణించాడు. కొత్తగా తెచ్చిన పెట్టను ఒక్కసారిగా మందలో వదలక, రెండు మూడు రోజులు గంప కింద మూసి ఉంచి, మిగిలినవాటికి కనిపించేటట్టు చేసిన తరువాతనే కలిపే ఇల్లాలికి ఆ శాస్త్రజ్ఞుని పేరు తెలియకపోవచ్చును గాని ఆ క్రమం క్షుణ్ణంగా తెలుసు.

ఉదయం గుప్పెడు జొన్నలో నూకలో, పప్పు చెరిగినప్పుడు రాలిన ముక్కలో చల్లితే మిగిలిన ఆహారాన్ని కోడి తానే వెతుక్కుంటుంది. పెంటకుప్పలోని పురుగులు, గడ్డి గింజలు, లేత ఆకులు, చెదలు దాని మేత. చిన్న కోడిపిల్లలకు మాంసకృత్తులు ఎక్కువ కావలసి ఉంటాయి కనుక, పాత కుండలో పేడ, చినిగిన గోనెగుడ్డ, ఎండుపుల్లలు వేసి తడిపి, చెదలున్న నేల మీద బోర్లించి, మరునాటికో మూడోనాటికో పట్టిన చెదపురుగులను దులిపి వేసే పద్ధతి ఖర్చు లేనిది, శాస్త్రసమ్మతమైనది కూడా. అయితే ఒక పెరడు ఎన్ని కోళ్లను మేపగలదన్నది ఆ పెరట్లో దొరికే ఇటువంటి ఉచితాహారం మీదనే ఆధారపడుతుంది. ఊళ్లో పది కోళ్లను అనాయాసంగా పెంచిన కుటుంబం కాలనీలోకి వచ్చిన తరువాత అయిదింటికే దాణా కొనవలసి రావడానికి కారణం గచ్చులు, ప్రహరీలు, పురుగు లేని నేల. గుడ్డు పెంకులో 94 శాతం వరకు కాల్షియం కార్బొనేటే కాబట్టి, మట్టి అందని పెట్టకు సున్నపురాయి పొడినో, కడిగి ఎండబెట్టి దంచిన గుడ్డుపెంకులనో అందివ్వకపోతే తోలుగుడ్లు పడతాయి.

గూడు విషయంలో నల్లరేగడికి తనదైన ఇబ్బంది ఉంది. వానాకాలంలో నీరు ఇంకక నిలిచే ఆ నేలపై గూటిని మూరెడు ఎత్తున లేపి కట్టి, కింద రాళ్లు పరచి, అప్పుడప్పుడు సున్నం చల్లకపోతే తడికి పిల్లలు జలుబు చేసి చనిపోతాయి. పెద్ద పక్షికి చదరపు అడుగుకు తగ్గని చోటు, గాలి ఆడే తడిక, ముంగిసా పిల్లీ దూరలేని సందులు ఉంటే చాలు. ఏప్రిల్, మే నెలల ఎండ మరొక పరీక్ష. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి వేగంగా ఊపిరి పీల్చి వదలడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది కనుక ఆ రోజుల్లో నీడ, మట్టి మూకుట్లో చల్లని నీరు మేత కంటె ముఖ్యమవుతాయి. పొయ్యి బూడిదను ఒక మూల కుప్పగా పోస్తే కోళ్లు అందులో పొర్లి ఒంటి పేలను తామే వదిలించుకుంటాయి. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్లలో ఆ బూడిద కూడా కరవైపోయింది.

పొదుగు అన్నది ఈ వృత్తికి ఆయువుపట్టు. నాటు పెట్ట ఒక విడతకు పన్నెండు నుంచి ఇరవై గుడ్ల వరకు పెట్టి ఆగి, పొదుగుకు కూర్చోవాలని పంతం పడుతుంది. ఈకలు విదిల్చి, గూటిని విడువక, తాకబోతే గుర్రుమనే ఆ స్థితిలో దాని పొట్ట కింది ఈకలు రాలి, చర్మపు వెచ్చదనం నేరుగా గుడ్లకు అందుతుంది. పది పన్నెండు గుడ్లు పెట్టి కూర్చోబెడితే 21వ రోజున పిల్లలు బయటికి వస్తాయి. ఏడో రోజున చీకటి గదిలో టార్చిలైటు వెలుగుకు ఎదురుగా గుడ్డును పట్టి, లోపల ఎర్రని నరాలు అల్లుకున్నవాటిని ఉంచి, తేటగా కనిపించేవాటిని తీసివేయడం వల్ల వ్యర్థం తగ్గుతుంది. వేసవిలో గుడ్లు మురిగిపోవడానికి కారణం కూడా చెప్పుకోవాలి: పుంజు కలిసిన గుడ్డులోని పిండం గది వేడికే సగం సగంగా ఎదగనారంభించి చనిపోతుంది, అందుకే తడి ఇసుక మీద గంప పెట్టి అందులో గుడ్లను దాచే ఆచారం ఏర్పడింది. పిల్లలతో తిరిగే కోడి ఏడెనిమిది వారాల పాటు గుడ్లు పెట్టదు. ఏడాదికి మూడు నాలుగు విడతలు మించకపోవడంతో నాటు పెట్ట మొత్తం మీద యాభై అరవై గుడ్లకు పరిమితమవుతుంది. ఫారంలోని తెల్ల లెగ్‌హార్న్ అదే కాలంలో మూడు వందలు దాటుతుంది.

ఈ అంతరాన్ని కొంత పూడ్చడానికే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలను రూపొందించింది. 1988లో ప్రాజెక్టు డైరెక్టరేటుగా ఏర్పడిన ఆ సంస్థ శాస్త్రజ్ఞులు పెరటి పరిస్థితులను శ్రద్ధగా గమనించారనడానికి ఆ పక్షుల రూపమే సాక్ష్యం: గద్ద కంటికి తెల్లని ఈక సులభంగా కనపడుతుంది కాబట్టి రంగురంగుల ఈకలు, కుక్కను తప్పించుకొని పరుగెత్తడానికి పొడవైన కాళ్లు. పెరట్లో వనరాజా నూటికి పైగా గుడ్లను, గుడ్లకే ప్రత్యేకించిన గ్రామప్రియ 160 నుంచి 180 వరకు గుడ్లను ఏడాదికి ఇవ్వగలవు. వనరాజా మాంసానికీ పనికివస్తుంది. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల పరిశోధకులు తీసిన రాజశ్రీ, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తీసిన గిరిరాజా కూడా ఇదే కోవలోనివి. అయితే ఈ మెరుగైన రకాలు పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్ల నుంచి ఇంట్లోనే తీసిన తరువాతి తరం తల్లిదండ్రుల దిగుబడిని నిలుపుకోదు. కొన్న ఒకరోజు పిల్లలకు తల్లి లేదు కనుక మొదటి వారం 35 డిగ్రీల వేడితో ఆరంభించి వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ బల్బు కింద నెలకు పైగా కాపాడాలి. కాబట్టి అనుభవం గల ఇళ్లలో రెండు రకాలనూ ఉంచి, గ్రామప్రియను గుడ్లకు, నాటు పెట్టను పొదుగుకు వాడుకోవడమే సరైన మార్గంగా కనిపిస్తుంది. నాటు పెట్టలను పూర్తిగా తీసివేసిన ఇల్లు పిల్లల కోసం ప్రతి ఏడూ ఎవరో ఒకరి మీద ఆధారపడవలసిందే.

ఇంటి గుడ్డుకు ఫారం గుడ్డు కంటె బలం ఎన్నో రెట్లు ఎక్కువన్న నమ్మకంలో వాస్తవం కొద్దిపాటిదే. పచ్చసొన ముదురు రంగు పచ్చి ఆకుల్లోని కెరొటినాయిడ్ల వల్ల వచ్చేది; మాంసకృత్తుల విలువ రెండింటిలోనూ దాదాపు సమానం. అసలు ప్రయోజనం వేరే చోట ఉంది: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు ఉండాలని చెబుతుండగా, కొని తినని ఇంట్లో పిల్లల కంచంలోకి గుడ్డును చేర్చేది పెరటి పెట్టే.

ఈ కోళ్ల మీద వచ్చే డబ్బు చాలా ఇళ్లలో స్త్రీల చేతిలోనే ఉంటుంది. పుంజును అంగడిలో అమ్మి బడి పుస్తకాలు కొనడం, బోనాలప్పుడు పోచమ్మకో మైసమ్మకో మొక్కు చెల్లించడం, అల్లుడు వస్తే కూర వండడం మగవారిని అడగకుండానే జరిగిపోతాయి. పెట్ట లేని వారికి పాలుకు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అంటే పెట్ట ఒకరిది, పెంపకం మరొకరిది కాగా పుట్టిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. పెట్టుబడి లేని స్త్రీకి మంద ఏర్పడే దారి ఇది. నారాయణఖేడ్ ప్రాంతపు తండాల నుంచి ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి నెలల తరబడి వలస వెళతాయి. ఆ కాలంలో కోళ్లను పట్టణంలోని బంధువుల ఇంట పాలుకు వదిలి వెళ్లడం వల్ల మంద నిలుస్తుంది.

అలా చేతులు మారే పక్షులతోనే కొక్కెర తెగులు కూడా ఇల్లిల్లూ తిరుగుతుంది. రాణిఖేత్ వ్యాధి అని శాస్త్రం పిలిచే ఈ వైరస్ జబ్బును 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ గుర్తించగా, ఆ తరువాత కొద్ది కాలానికే అది కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనపడింది. కోడి రెక్కలు వేలాడవేసి, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, ఆకుపచ్చగా విరేచనాలు పెట్టి, మెడ మెలితిరిగి చనిపోతుంది. టీకా లేని మందలో నూటికి తొంభై పోవడం అరుదు కాదు. దీనికి చికిత్స లేదు, నివారణ ఉంది: అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంటిలోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూది. రాణిఖేత్‌కు సమీపానే ఉన్న ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో రూపొందిన ఆర్‌టూబీ తరతరాలుగా దేశంలోని కోళ్లను కాపాడుతున్నది.

ఇంత చవకైన టీకా పెరటికి చేరకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, సీసా పరిమాణం కూడా. ఒక్కొక్క సీసాలో సాధారణంగా వంద, రెండు వందలు లేదా అయిదు వందల మోతాదులు ఉంటాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో దాచవలసిన ఆ పొడిని ద్రావకంతో ఒకసారి కలిపితే గంట రెండు గంటల్లో వాడివేయాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు అంత సీసాను తెరిచి మిగిలినదంతా పారబోయడం ఎంత అసంగతమో, ఎనిమిదింటి కోసం పశువైద్యశాల సిబ్బంది ఇంటికి రావడమూ అంతే అసాధ్యం. తన కోళ్లకు టీకా వేయించిన ఇంటికీ పూర్తి రక్షణ లేదు. ప్రహరీ దూకి వచ్చే పొరుగింటి పుంజు, అంగడి నుంచి తెచ్చిన గంప, పారవేసిన ఈకలు వైరస్‌ను మోస్తాయి. అందువల్ల పెరటి కోడి చూపుకు ఒక ఇంటి సొత్తే అయినా దాని ఆరోగ్యం వీధి మొత్తానికి సంబంధించినది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఫారాల చుట్టుపక్కల పెరటి పక్షులను కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది ఇందుకే. చనిపోయిన కోడిని కాలువలోనో చెత్తకుప్ప మీదనో పడవేయక సున్నం చల్లి లోతుగా పూడ్చడం, ఒకేసారి ఎక్కువ పక్షులు చనిపోతే కోసి తినక పశువైద్యశాలకు చెప్పడం పట్టణపు ఇరుకులో మరింత అవసరం.

నాలుగైదు వీధుల ఇళ్లు కలిస్తే వంద కోళ్లు సులభంగా లెక్కకు వస్తాయి. మహిళా సంఘం సభ్యులు ముందుగానే ఇంటింటి కోళ్లను లెక్కపెట్టి, ఊళ్లలో పశుసేవలు అందించే గోపాలమిత్రతో గాని పశువైద్యశాలతో గాని తేదీ ఖాయం చేసుకొని, ఐసు పెట్టెలో తెచ్చిన సీసాను కోళ్లు గూట్లోనే ఉండే తెల్లవారుజామున విప్పితే వృథా ఉండదు. నారాయణఖేడ్‌కు సంబంధించినంత వరకు ఆ తేదీని వలస క్యాలెండరును చూసి నిర్ణయించాలి: చెరకు నరకడానికి కుటుంబాలు బయలుదేరి, తమ కోళ్లను పట్టణానికి చేర్చే వారం ఒకటి, వేసవి ముదరకముందు వారు తిరిగి వచ్చి వాటిని తీసుకుపోయే వారం మరొకటి. పాలుకు వచ్చిన పెట్ట గూట్లో అడుగు పెట్టడానికి కనీసం రెండు వారాల ముందే సొంత కోళ్లకు టీకా పడి ఉండాలి, ఎందుకంటే రక్షణ శక్తి ఏర్పడటానికి అంత గడువు పడుతుంది. వచ్చిన పెట్టను సైతం ఆ రెండు వారాలూ వేరే గంప కింద, వేరే నీళ్ల మూకుడుతో ఉంచాలి.