కారు సీటుపై పసుపు మరకా? సబ్బుతో రుద్దకండి!

కొలకలూరు: పెళ్లి కారంటే పూలదండలొక్కటే కాదు. పసుపు బట్టలు, కుంకుమ భరిణె, పసివాడి పాలసీసా, ఒళ్లో పులిహోర డబ్బా అన్నీ అందులోనే. తెనాలి వెళ్లి వచ్చేలోగా సీటు మీద ఏదో ఒక మరక పడనే పడుతుంది. వెనకటి అంబాసిడర్లలో చాలావాటికి రెగ్జిన్ సీట్లుండేవి. తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది. ఇప్పటి కార్లలో గుడ్డ సీట్లు ఎక్కువ. కారు అద్దెకు తిప్పుకునేవారికైతే ఒక్క మరకతో బేరమే పోవచ్చు. ఆ కంగారులో బకెట్ నీళ్లు, గుప్పెడు సబ్బు పొడి అందుకుంటారు. నష్టం మొదలయ్యేది అక్కడే.

పసుపు ఎర్రబడిందా?

దుగ్గిరాల పసుపు యార్డుకు దగ్గరి ఊళ్లలో పసుపు మరక కొత్తేమీ కాదు. సబ్బుతో రుద్దితే అది పోకపోగా ఎర్రబడుతుంది. గుడ్డ పాడైందని బెంబేలెత్తనక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి వస్తుంది కదా, ఇదీ అంతే. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం సున్నం, సబ్బు, వంటసోడా వంటి క్షారాలు తగిలితే ఎర్రగా మారుతుంది. తడిగుడ్డతో సబ్బు తీసేసి, నీళ్లలో కలిపిన నిమ్మరసం కాస్త అద్దితే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది.

ఆ పసుపును పోగొట్టేది ఎండే. కుర్కుమిన్ వెలుతురుకు నిలవదు. పొడిని ముందు దులిపి, మరక మీద నేరుగా ఎండ పడేలా కారు తలుపులు తెరిచి ఉంచాలి. రెండు మూడు రోజుల ఎండకు చాలావరకు వెలిసిపోతుంది. కుంకుమ పడితే తడి చేయకుండా మెత్తని బ్రష్‌తో ఎత్తేయాలి. తడి తగిలితే రంగు గుడ్డలోకి దిగుతుంది.

ఏ మరకకు ఏది?

పాలు, నెత్తురు పడితే చన్నీళ్లే వాడాలి. వేడినీళ్లకు ఆ మరకలు గట్టిపడతాయి. పాల వాసన పోకపోతే సీటు ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి దులపాలి. పచ్చడి నూనె పడితే మొక్కజొన్న పిండి గానీ, ముఖానికి రాసే పౌడరు గానీ చల్లి గంటసేపు వదిలేయాలి. నూనెను అది పీల్చుకుంటుంది. పొలం బురదను పూర్తిగా ఎండనిచ్చి దులపాలి. కాఫీ, టీ ఒలికితే వెంటనే పొడిగుడ్డతో అద్దాలి.

మిగిలిన మరకకు లీటరు నీళ్లలో చెంచాడు షాంపూ కలిపి గిలకొట్టి, పైనున్న నురగ మాత్రమే వాడాలి. ముందుగా సీటు అడుగున కనిపించని చోట రాసి, రంగు దిగడం లేదని చూసుకోవాలి. రుద్దకుండా, అంచుల నుంచి మధ్యకు అద్దుకుంటూ రావాలి. తర్వాత తడిపి పిండిన గుడ్డతో సబ్బు తీసేయాలి.

వీటితో జాగ్రత్త

సీటు బెల్టుకు బ్లీచింగ్ తగలనివ్వకూడదు. ప్రమాదంలో ప్రాణం కాపాడే ఆ పట్టీ బలం తగ్గిపోవచ్చు. తేలికపాటి సబ్బునీళ్లు చాలు. పూర్తిగా ఆరాకే లోపలికి వదలాలి. నూనె మరకకు పెట్రోలు, కిరోసిన్ వాడవద్దు. కారులో నిండిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. బ్లీచింగ్‌తో నిమ్మరసం గానీ, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది. సీట్ల కింద వైర్లుంటాయి. కొన్ని కార్లకు సీటు పక్కనే ఎయిర్‌బ్యాగు కూడా ఉంటుంది. పైపుతో నీళ్లు కొట్టరాదు. టాపు లోపలి గుడ్డను జిగురుతో అంటించి ఉంటారు. బాగా తడిస్తే ఊడి వేలాడుతుంది.

ఆరకపోతే ముప్పే

పైన గుడ్డ ఆరినా లోపలి స్పాంజిలో చెమ్మ మిగులుతుంది. అద్దాలు బిగించి వదిలేస్తే బూజు పట్టి ముక్కిపోయిన వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు అది మంచిది కాదు. సీటు మీద తెల్లగుడ్డ వేసి అరచేత్తో గట్టిగా నొక్కి చూడాలి. గుడ్డ తడిస్తే ఇంకా ఆరలేదన్నమాట. తలుపులు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెడితే త్వరగా ఆరుతుంది.

వరద నీటిలో మునిగిన కారు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. అలాంటి నీటిలో మురుగు కూడా కలిసి ఉంటుంది. పైపైన తుడిస్తే లాభం లేదు. తాళం తిప్పకుండా మెకానిక్కుకు చూపించి, సీట్లు, కింది కార్పెట్టు విప్పించి శుభ్రం చేయించాలి.

మామూలు మరకకైతే ఇంట్లో ఉన్నవే చాలు. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి ఆరుతుంది. ముసురు పట్టిన రోజున మాత్రం ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.