మూతపడ్డ జట్లు.. చెరగని రికార్డులు

తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు పేరు మండల కేంద్రమైన పెద్ద కొడప్‌గల్ బడి పిల్లలకూ తెలుసు. కానీ మన రాజధాని పేరుతో ఓ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు కూడా ఉండేదంటే పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు.

మన ‘స్కై’
2015లో మొదలైన యూబీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లోని ఎనిమిది జట్లలో హైదరాబాద్ స్కై ఒకటి. 2017 తర్వాత లీగే ఆగిపోవడంతో జట్టూ కనుమరుగైంది. అయినా ఆ లీగ్ వృథా పోలేదు. అందులో రాణించిన పాల్‌ప్రీత్ సింగ్ బ్రార్‌ను 2016లో అమెరికా డెవలప్‌మెంట్ లీగ్ జట్టు లాంగ్ ఐలాండ్ నెట్స్ డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది.

పొడగరులకు టికెట్ లేదు
ఇలా మూతపడ్డ జట్ల కథలు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ ఉన్నాయి. ఎన్‌బీఏ తన తొలి మ్యాచ్‌గా లెక్కించే ఆట 1946 నవంబర్ 1న టొరంటోలో జరిగింది. ఆతిథ్య జట్టు హస్కీస్‌లో అందరికన్నా పొడగరి జార్జ్ నోస్ట్రాండ్ ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. అతణ్ని మించిన ప్రేక్షకులకు ప్రవేశం ఉచితం! న్యూయార్క్ నిక్స్ 68-66తో గెలిచింది. హస్కీస్ ఒక్క సీజన్‌తోనే ముగిసింది.

45 ఏళ్ల ఆటగాడు
ప్రావిడెన్స్ స్టీమ్‌రోలర్స్ కోచ్ నాట్ హికీ 1948 జనవరిలో తానే బరిలోకి దిగాడు. మరో రెండు రోజుల్లో ఆయనకు 46 నిండుతాయి. ఎన్‌బీఏ చరిత్రలో ఇంత వయసులో ఆడినవారు మరొకరు లేరు. ఆ సీజన్‌లో 48 మ్యాచ్‌లకు 6 మాత్రమే గెలిచిన ఆ జట్టుదే అతి తక్కువ విజయాల రికార్డు.

ఆరు అదనపు సమయాలు
1951 జనవరి 6న ఇండియానాపొలిస్ ఒలింపియన్స్, రోచెస్టర్ రాయల్స్ మ్యాచ్ ఆరు ఓవర్‌టైమ్‌ల దాకా సాగింది. ఒలింపియన్స్ 75-73తో గెలిచింది. 24 సెకన్లలో షాట్ కొట్టాలన్న నిబంధన అప్పటికింకా లేదు. అందుకే బంతిని ఎంతసేపైనా తమ దగ్గరే అట్టిపెట్టుకునేవారు. ఆ నిబంధన 1954లో వచ్చింది. ఒలింపియన్స్ అంతకుముందు ఏడాదే మూతపడింది.

గెలిచినా నిలవలేదు
2009 ఐపీఎల్ విజేత డెక్కన్ చార్జర్స్ 2012లో రద్దవడం మనం చూశాం. ఎన్‌బీఏ జట్టు బాల్టిమోర్ బుల్లెట్స్‌దీ అదే గతి. 1948లో ఛాంపియన్, 1954 నవంబర్‌లో రద్దు. మహిళల డబ్ల్యూఎన్‌బీఏ తొలి నాలుగు టైటిళ్లనూ (1997-2000) వరుసగా గెలిచిన హ్యూస్టన్ కామెట్స్ కూడా 2008లో మూతపడింది.

జట్టు లేదు.. రాబడి ఉంది
1976లో పోటీ లీగ్ ఏబీఏ నుంచి నాలుగు జట్లు ఎన్‌బీఏలో కలిశాయి. స్పిరిట్స్ ఆఫ్ సెయింట్ లూయిస్‌కు చోటు దక్కలేదు. దాని యజమానులు సిల్నా సోదరులు ఆ నాలుగు జట్ల టీవీ ఆదాయంలో ఏడో వంతు శాశ్వతంగా తమకు దక్కేలా ఒప్పందం రాయించుకున్నారు. దాని కింద దాదాపు 30 కోట్ల డాలర్లు అందాయి. 2014లో ఎన్‌బీఏ మరో 50 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది.

వీటిలో చాలా జట్లను ముంచింది ఆటగాళ్ల చేతకానితనం కాదు, ఖర్చులకు చాలని రాబడి. ఆ రాబడి ప్రేక్షకులతోనే వస్తుంది. ప్రేక్షకులు చిన్నప్పుడు ఆడిన ఆటనే పెద్దయ్యాక టికెట్ కొని చూస్తారు. హైదరాబాద్ పేరుతో మరో జట్టు పుట్టి పది కాలాలు నిలవాలంటే, ముందు పెద్ద కొడప్‌గల్ లాంటి మండల కేంద్రాల బడుల్లో బాస్కెట్‌బాల్ కోర్టులు రావాలి.