సాయంకాలపు నడకకు టార్చిలైటు

ప్రొద్దు గ్రుంకిన పిదప నడకకు బయలుదేరేవారు చెప్పులను, చేతికర్రను చూచి ఎంచుకొంటారు గాని, చేతిలోని దీపాన్ని గురించి ఆలోచించేవారు అరుదు. మేమూ అటువంటివారమే. కొన్ని సంవత్సరాల క్రితం "అర కిలోమీటరు దాకా పడుతుంది సార్" అన్న దుకాణదారు మాటకు మురిసి ఒక టార్చిలైటు కొన్నాము. అది దూరాన ఉన్న తాటిచెట్టు తలను చక్కగా చూపింది. మా పాదాల ముందున్న మూతలేని మురుగుకాలువను మాత్రం చూపలేదు. చీలమండ బెణికి, మూడు వారాలు కుర్చీలో కూర్చుండి పాఠాలు చెప్పిన కాలంలోనే ఈ విషయాన్ని తరచి చూడాలనే బుద్ధి మాకు పుట్టింది.

పెట్టెమీద వ్రాసిన సంఖ్యలలో ల్యూమెన్లు దీపం నుండి వెలువడే మొత్తం కాంతికి కొలత. క్యాండెలాలు ఒక దిశలో ఆ కాంతికి గల తీవ్రతకు కొలత. నీళ్లగొట్టం మూతిని వేలితో నొక్కితే ధార దూరంగా పోతుంది. దగ్గరి మొక్క తడవదు. సన్నని కిరణం గల టార్చిలైటు చేసే పనీ అదే. 2009లో అమెరికాలో వెలువడిన ఎఫ్.ఎల్.1 ప్రమాణం ప్రకారం, వెలుగు పావు లక్సుకు తగ్గే చోటును దీపపు దూరంగా లెక్కిస్తారు. పావు లక్సు అంటే సుమారు పున్నమి వెన్నెల. కాబట్టి 200 మీటర్లని వ్రాసి ఉంటే ఆ చివర పడేది వెన్నెలపాటి వెలుగే. బ్యాటరీ కాలాన్ని కూడా వెలుగు మొదటి దానిలో పదోవంతుకు పడిపోయే వరకు లెక్కిస్తారు. ఏ ప్రమాణం పేరూ లేకుండా వేల ల్యూమెన్లు ప్రకటించే పెట్టెలను మేము నమ్మము.

నడకకు అంత వెలుగు అవసరమూ లేదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మితిమీరిన కాంతి ఆ అలవాటును క్షణంలో చెరుపుతుంది. వెలుగువలయం వెలుపల ఉన్నదంతా మరింత నల్లబడుతుంది. యాభై నుండి నూరు ల్యూమెన్లు, విశాలంగా పరచుకొనే కాంతి, అవసరమైనప్పుడు హెచ్చించే వీలు ఉంటే చాలునని మా అనుభవం.

మన ప్రాంతంలో ఈ సంగతి ప్రాణాలతో ముడిపడినది. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సగటున ఏటా సుమారు 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. కట్లపాము రాత్రివేళ సంచరించేది. రక్తపింజర ఎండుటాకులలో కలిసిపోయి కదలక పడి ఉంటుంది. దీపాన్ని చూచి పాము పారిపోతుందని అనుకోరాదు. కాలు ఎక్కడ మోపకూడదో మనకు తెలియడానికే ఆ దీపం.

విద్యార్థినులు మమ్ములను తరచు అడిగేది దుండగులను గురించి. కొన్ని టార్చిలైట్లకు వేగంగా ఆరుతూ వెలిగే ఏర్పాటు ఉన్నది. ముఖంమీద వేస్తే ఎదుటివాని కన్ను క్షణకాలం చెదరవచ్చు. ఆ క్షణం పరుగెత్తడానికే గాని ఎదిరించడానికి కాదు. దానికంటె, బొటనవ్రేలితో ఒక్కసారి నొక్కగానే నిలకడగా వెలిగే మీట ముఖ్యం. నాలుగుసార్లు నొక్కితే గాని వెలగనిది ఆపదలో పనికిరాదు. సెల్‌ఫోను దీపాన్ని నమ్ముకొంటే, ఇంటికి కబురు చేయవలసిన సమయానికి ఫోనే ఆరిపోవచ్చు.

ఏ పల్లెలోనైనా దొరికే పెన్‌సైజు సెల్లులతో పనిచేసేది మాకు ఇష్టం. లిథియం సెల్లులు శక్తిమంతమైనవే. అయితే వాటిని తాళపుచెవులతో కలిపి జేబులో వేసుకొనరాదు. చాలాకాలం వాడని దీపంలోని సెల్లులను తీసివేయాలి, లేకున్న కారి లోపలి భాగాలను తినివేస్తాయి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయం మూసిన తరువాత వసతిగృహం దాకా వెళ్లే బాటలో వీధిదీపాలు వెలిగే రాత్రులు తక్కువ. వాటిని బాగుచేయించే వరకు ఆరు టార్చిలైట్లు కొని గ్రంథాలయంలో ఉంచితే, పుస్తకాల వలెనే సంతకం తీసుకొని విద్యార్థినులకు ఇచ్చి, మరునాడు తిరిగి పుచ్చుకొనవచ్చును. కొనేముందు దుకాణం వెనుక చీకట్లోకి తీసుకుపోయి, నడుము ఎత్తున పట్టుకొని, మూడు అడుగుల ముందు నేల ఎలా కనబడుతున్నదో చూడవలసినది.