బట్టలుతుకు యంత్రము ఊగుచున్నదా?

బట్టలు పిండునపుడు యంత్రము పెద్ద చప్పుడుతో ఊగినచో, చెడిపోయినదని బెంబేలుపడి మెకానిక్కు కొరకు పరుగిడుట కద్దు. పంచాయతీ సభ్యులనే సలహా అడుగు ఇరుగుపొరుగువారును కలరు. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయవలెను.

బొంత ఒక్కటే వేసినచో నీటి బరువంతయు తొట్టిలో ఒక ప్రక్కకు చేరును. ముందు తలుపు గల యంత్రములు పెక్కింటిలో తొట్టి నిమిషమునకు 1000 సార్లు, అంతకు పైగను తిరుగును. ఆ వేగమున కొద్దిపాటి ఎక్కువ తక్కువయైనను యంత్రమును కుదిపివేయును. బొంతను విప్పి పరచి, తోడుగా రెండు తువ్వాళ్లు వేసి చూడుడు.

నాపరాళ్ల నేల ఎగుడుదిగుడుగా నుండుట సహజము. యంత్రపు మూలలను చేతితో అదిమినచో ఆనని కాలు తెలియును. దానిని మర త్రిప్పి సరిచేయవలెను, అట్టముక్క నిలువదు.

క్రొత్త యంత్రమైనచో వెనుకవైపు చూడుడు. ప్రయాణములో తొట్టి కదలకుండ బిగించిన బోల్టులను తీయక నడిపినచో యంత్రము గంతులు వేయును, లోపలి భాగములు దెబ్బతినును. తీసిన బోల్టులను దాచుకొనుడు. ఇల్లు మారునపుడు మరల కావలసివచ్చును.

ఇవన్నియు సరిగనున్నను గరగర మ్రోత వినవచ్చినచో బేరింగు అరిగియుండవచ్చును. మెకానిక్కును అపుడు పిలువుడు.