సర్వర్ గీసే బొమ్మకు ఒత్తు రావాలి

వెబ్‌లో కనిపించే బొమ్మలన్నీ ముందే గీసి దాచినవి కావు. మనం అడిగిన క్షణంలో సర్వరే గీసి పంపేవీ ఉంటాయి. పీహెచ్‌పీ భాషలో ఆ పనికి కుడిభుజం జీడీ లైబ్రరీ.

థామస్ బౌటెల్ 1990ల నడుమ దీన్ని సీ భాషలో రాశాడు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో పీహెచ్‌పీని బయటపెట్టాడు. జీడీ మొదట గీసినవి జిఫ్ బొమ్మలు. జిఫ్‌లోని కుదింపు పద్ధతిపై యూనిసిస్ సంస్థకు పేటెంటు ఉండడంతో 1999లో జిఫ్‌ను వదిలి పీఎన్‌జీకి మారింది. పేటెంటు గడువు తీరాక 2004లో జిఫ్ మళ్లీ వచ్చింది. ఈలోగా, 2002 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 4.3 జీడీని తనలోనే కలుపుకుంది.

ఇది పనిచేసే తీరు చూడండి. పొందూరు ఖద్దరు చీర ఫొటో 4000 × 3000 చుక్కలది అనుకుందాం. అంటే 1.2 కోట్ల చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున దాన్ని మెమరీలో పరిస్తే 48 మెగాబైట్లు. దాన్ని 400 × 300కి తగ్గించాలంటే పాత చుక్కలు నూరేసి తీసుకుని, వాటి రంగుల సగటుతో ఒక్కో కొత్త చుక్క వేస్తుంది. సగటు తీయకుండా నూరింటిలో ఒకటే ఏరుకుంటే సన్నటి నూలు గీతలు తెగిపోతాయి.

రంగుల లెక్క ఇంత బాగా తెలిసిన జీడీ తెలుగు రాయబోతే తడబడింది. ‘శ్రీకాకుళం’ మొదటి అక్షరం కంప్యూటర్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే వరుసలో ఉంటుంది. కంటికి మాత్రం గుడిదీర్ఘం శకారం మీదికి, రకారం క్రావడిగా కిందికి చేరాలి. జీడీ ఆ నాలుగింటినీ వచ్చిన వరుసలోనే పక్కపక్కన పేర్చేది. ఒత్తు లేని ‘విజయనగరం’ కూడా తప్పించుకోలేదు: తలకట్టు తీయకుండానే ‘వ’ మీద గుడి పెట్టేది.

లోపం ఫాంటుది కాదు. విజయనగరంలో జీవించిన గురజాడ, శ్రీకాకుళం ప్రాంతపు గిడుగు వాడుక తెలుగు కోసం పోరాడారు. వారి పేర్లతో సిలికానాంధ్ర వెలువరించిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ రూపం వాడాలో చెప్పే సూత్రాలు అలాంటి ఫాంట్లలోనే ఉంటాయి. జీడీ వాడే ఫ్రీటైప్ అక్షర రూపాలను గీసిస్తుందే తప్ప ఆ సూత్రాలను అమలు చేయదు. ఆ పని హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీది. జీడీ ఇటీవలి వెర్షన్లను రాక్మ్ లైబ్రరీతో కలిపి కట్టుకుంటే హార్ఫ్‌బజ్ సాయం అందుతుంది. బొమ్మలు గీసే మరో సాధనం ఇమేజ్‌మాజిక్‌లో, అక్షరాలను కూర్చే పాంగో లైబ్రరీ ద్వారా రాయించడం మరో దారి.

కాబట్టి సర్టిఫికెట్లో, హెచ్చరిక పటాలో గీసే ప్రోగ్రామును జనంలోకి వదిలే ముందు దానిచేత ‘ఇచ్ఛాపురం’ అని రాయించి చూడండి. ఛ ఒత్తు సరిగ్గా చకారం కింద పడేదాకా పని పూర్తయినట్టు కాదు. తన ఊరి పేరు తప్పుల్లేకుండా చదువుకోవడం పౌరుడి హక్కు.